మూడు చక్రాలు, మూడు పసుపు తీగలు

మూడు చక్రాల బండి కొన్నానని తెలియగానే మా ఊరి తెలుగువాళ్ళలో నన్ను ఆటపట్టించని వాళ్ళు లేరు. "అమెరికా వచ్చి పాతికేళ్ళు కష్టపడి చివరికి ఆటో కొన్నారా మాస్టారూ!" అన్నాడొకాయన. "మీటరు వేస్తారా, బేరమా?" అన్నాడు ఇంకొకాయన. మా అబ్బాయి మాత్రం "అంకుల్, అది ఆటో కాదు, ట్రైక్" అని నా పరువు కాపాడబోయాడు. వాళ్ళ వేళాకోళం అలా ఉంచితే, తరవాత రెండేళ్ళలో ఆ బండి నాకు నేర్పిన పాఠాలు, రాజమండ్రిలో ఆటోల కింద పడుకుని పనిచేసిన మా బాబాయికి నలభయ్యేళ్ళ కిందటే తెలుసు. ఆ సంగతి ఈ ఉగాది సావనీరులో నలుగురితో పంచుకుందామనే ఈ నాలుగు మాటలు.

ఎందుకు కొన్నానంటే

చదువుకునే రోజుల్లో మా బాబాయి యెజ్డీ మీద గోదావరి గట్టంతా తిరిగినవాణ్ణి. 1991లో ఈ దేశం వచ్చాక ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువులతో ఆ సరదా అటకెక్కింది. తీరా కాస్త తీరిక చిక్కేసరికి మోకాళ్ళు మొరాయించాయి. 2016లో కుడి మోకాలు మార్చారు. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు మూడువందల కిలోల బండిని కాలు ఆనించి నిలబెట్టడం ఇక నా వల్ల కాదు. మూడు చక్రాల బండికి ఆ బెడద లేదు. ఆగినా తనంతట తనే నిలబడుతుంది.

ఈ బళ్ళు రెండు రకాలు. ఫ్యాక్టరీలోనే మూడు చక్రాలతో తయారై వచ్చేవి ఒక రకం. మామూలు పెద్ద మోటారు సైకిలు వెనక చక్రం తీసేసి, దాని స్థానంలో ఇరుసు, డిఫరెన్షియలు, రెండు చక్రాలు బిగించి, పైన ఫైబర్ గ్లాసు తొడుగు వేసేవి రెండో రకం. నేను 2017లో కొన్నది రెండో రకం. అసలు బండి 1980లలో తయారైన జపాన్ బండి. ఎప్పుడో ఎవరో దాన్ని ట్రైకుగా మార్చారు. వాళ్ళ తరవాత చేతులు మారి మారి నా దగ్గరకొచ్చింది. ఎర్ర రంగు, వెనక మెత్తటి సీటు, సీటుకి చేతులు. మా ఆవిడ కూర్చుని చూసి, "సోఫా కన్నా బాగుంది" అంది. ఆ ఒక్క మాటకే చెక్కు రాసేశాను.

కొనేటప్పుడు ఇంజను శబ్దం విన్నాను, టైర్లు చూశాను, బ్రేకులు చూశాను. వైర్లు చూడలేదు. పెళ్ళిచూపుల్లో అమ్మాయి పాట విని, వంట సంగతి అడగడం మర్చిపోయినట్టయింది.

ఆ సాయంత్రం

2018 వసంతంలో మొదటిసారి బండి మొరాయించింది. స్టార్టు నొక్కితే ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది. షాపులో చూపిస్తే బ్యాటరీ పోయిందన్నారు, మార్చారు. రెండు నెలలు బాగానే నడిచింది. ఆగస్టులో మళ్ళీ అదే మూలుగు. ఈసారి వేరే షాపుకి తీసుకెళ్ళాను. రెగ్యులేటరు పోయిందన్నారు, మార్చారు. రెండుచోట్లా కలిపి నాలుగువందల డాలర్లు పైనే అయింది. "ఇక బాగైపోయినట్టేనా?" అని మా ఆవిడ అడిగింది. "ఇక రాయి" అన్నాను ధీమాగా.

అక్టోబరులో బ్లూ రిడ్జ్ పార్క్ వే మీద ఆకుల రంగులు చూడ్డానికి బయల్దేరాం. మేముండే షార్లట్ నుంచి రెండు గంటల దారి. పార్క్ వే గురించి తెలియనివాళ్ళకి ఒక్క మాట: వర్జీనియాలోని షెనాండోవా నుంచి నార్త్ కెరొలైనాలోని స్మోకీ పర్వతాల దాకా కొండల నెత్తి మీదుగా 469 మైళ్ళు సాగే రోడ్డు అది. చాలామేరకు వేగం 45 మైళ్ళు దాటకూడదు. దారి మీద పెట్రోలు బంకులు లేవు, వీధి దీపాలు లేవు. చాలాచోట్ల ఫోనుకి సిగ్నలు కూడా అందదు.

304వ మైలురాయి దగ్గర గ్రాండ్ ఫాదర్ కొండ నడుముకి చుట్టినట్టు లిన్ కోవ్ వంతెన ఉంటుంది. కొండని తొలచకుండా, గాలిలో వంపు తిప్పి కట్టారు. అక్కడ ఫొటోలు తీసుకుని, ఫ్లాస్కులో టీ తాగి, పొద్దువాలుతుంటే వెనక్కి తిరిగాం. చలి మొదలైంది. మా ఆవిడ కోసం ప్రత్యేకంగా కొన్న కరెంటు జాకెట్టు ప్లగ్గు తగిలించాను. దీపాలన్నీ వేశాను.

పది మైళ్ళు వచ్చామో లేదో రేడియో ఆగిపోయింది. తరవాత ముందు దీపం తెల్లటి వెలుగు కాస్తా పసుపై, కిరసనాయిలు బుడ్డిలాగా తయారైంది. ఇంకో మలుపు తిరిగేసరికి ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. బండిని గడ్డి మీదకి మళ్ళించేలోపే ఊపు అయిపోయింది. వెనక చక్రం ఒకటి రోడ్డు మీదే ఉండిపోయింది. ట్రైకు బరువు అయిదువందల కిలోల దాకా ఉంటుంది. నా మోకాలితో దాన్ని తొయ్యడం అయ్యే పని కాదు. హెచ్చరిక లైట్ల మీట వేస్తే అవీ వెలగలేదు. మలుపులో, చీకట్లో, దీపం లేని బండి.

మా ఆవిడ్ని దింపి రోడ్డుకి దూరంగా చెట్లవైపు నడవమన్నాను. తను రెండడుగులు వేసిందో లేదో వెనక నుంచి ఒక కారు వచ్చింది. టైర్ల కీచుమన్న చప్పుడు, మా పక్కనించి దూసుకుపోయిన గాలి, దూరమైపోయిన హారను. ఎంత దగ్గరగా వెళ్ళిందో కొలిచే తీరిక లేదు. ఆ తరవాత ఒక పికప్ ట్రక్కులో వచ్చిన ముసలి దంపతులు ఆగి, తమ బండిని మా వెనక నిలిపి, లైట్లు మినుకుమినుకుమనిపిస్తూ రెండు గంటలు మాతోనే ఉన్నారు. వాళ్ళ పేరైనా అడగలేదు.

టో ట్రక్కులో కూర్చున్నాక మా ఆవిడ ఒక్క ప్రశ్న వేసింది. "ఇలా అవుతుందని మీకు ముందే తెలుసా?"

"లేదు" అన్నాను.

అది అబద్ధం. ముందు ఆదివారమే స్టార్టరు నీరసంగా తిరిగింది. ఇండికేటరు వేస్తే మీటర్ల లైటు దానితో పాటు కొట్టుకుంది. చూశాను. ప్రయాణం ఆగిపోతుందని చెప్పలేదు. బండి దాని భాషలో చెప్పింది. నేను విని కూడా విననట్టు ఊరుకున్నాను.

బాబాయి అడిగిన ప్రశ్న

మూడో షాపువాళ్ళు స్టేటరు పోయి ఉంటుందన్నారు. అది ఇంజను వెనక భాగంలో ఉంటుంది. మార్చాలంటే ఇంజను దింపాలి. ట్రైకుగా మార్చిన బండి కాబట్టి పని ఎక్కువ, పద్ధెనిమిదివందల డాలర్లవుతుందన్నారు. బండి విలువలో అది మూడోవంతు. అమ్మెయ్యమని మా అబ్బాయి. ఇక దాని వెనక కూర్చోనని మా ఆవిడ.

ఆ చలికాలంలో ఒక రాత్రి రాజమండ్రికి ఫోను చేశాను. మా బాబాయికి అప్పటికి డెబ్భై ఎనిమిదేళ్ళు. రెండు ఆటోలు సొంతంగా తిప్పి, వాటి రిపేర్లన్నీ తానే చేసుకున్నవాడు. జపాన్ బండి గురించి ఆయనకేం తెలుస్తుందిలే అనుకుంటూనే కథంతా చెప్పాను. ఆయన అంతా విని అన్నాడు:

"ఒరేయ్ అబ్బాయ్, కరెంటు దాచుకునే చోటు మార్చారు, సరిచేసే చోటు మార్చారు. ఇప్పుడు పుట్టే చోటు మారుస్తామంటున్నారు. బాగానే ఉంది. మరి అది నడిచే దారి ఎవరైనా చూశారా?"

"అంటే?"

"జాయింట్లురా! జాయింట్లు, ఎర్తూ. ఓ పావుగంట నడిపి, ఇంజను ఆపేసి, ప్రతి జాయింటు దగ్గరా చెయ్యి పెట్టి చూడు. ఎక్కడ వేడిగా ఉంటే అక్కడే దొంగ."

1970లలో ఆయన ఆటోకి ముందు దీపం గుడ్డిదైపోతే కాయిలు మార్చాడట, బల్బు మార్చాడట, స్విచ్చి మార్చాడట. చివరికి ఇంజను నుంచి బాడీకి వేసే ఎర్తు నట్టు తుప్పు పట్టిందని తేలింది. ఉప్పుకాగితంతో రుద్దితే దీపం వచ్చింది. "అప్పటినుంచి ముందు పైసా ఖర్చు లేనివి చూస్తాను, తరవాతే డబ్బు తీస్తాను" అన్నాడు.

మర్నాడు అలాగే చేశాను. ఎడమవైపు కవరు తీసి, వైర్ల కట్ట వెంబడి చెయ్యి పోనిస్తుంటే ఒకచోట చురుక్కుమంది. ఒకప్పుడు తెల్లగా ఉన్న ప్లాస్టిక్ కనెక్టరు, మాడిన పెసరట్టు రంగులో ఉంది. విప్పదీస్తే లోపల మూడు పసుపు తీగలు. ఒకదాని కొస నల్లగా బొగ్గైపోయింది, రెండోది సగం కాలింది.

అప్పుడే మా ఆవిడ టీ తీసుకుని గరాజులోకి వచ్చింది. "ఏమిటవి, పసుపుతాళ్ళా?" అంది. స్టేటరు నుంచి వచ్చే మూడు తీగలనీ, ఇన్నాళ్ళూ ఏడిపించింది ఇవేననీ చెప్పాను.

కాసేపు చూసి అంది: "మీరు పసుపుతాడుకి మూడు ముళ్ళు వేసి ముప్పయ్యేళ్ళయింది. అది ఇప్పటికీ గట్టిగానే ఉంది. దాన్ని నమ్ముకునే మీ వెనక కూర్చున్నాను. వీటి సంగతి మీకు ముందే తెలుసు కదూ?"

ఈసారి "తెలుసు" అన్నాను. ఆదివారం స్టార్టరు సంగతి, మీటర్ల లైటు సంగతి అన్నీ చెప్పేశాను. తను ఏమీ అనలేదు. టీ గ్లాసు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

ఇంతకీ జరిగిందేమిటి?

మనలో ఇంజనీర్లకి కొదవ లేదు కాబట్టి కాస్త లెక్క చెప్పినా విసుక్కోరనుకుంటాను. ఈ తరహా బండిలో ఇంజనుతో పాటు అయస్కాంతాలు తిరుగుతాయి. వాటి దగ్గర కదలకుండా ఉండే తీగచుట్టల సముదాయమే స్టేటరు. దాని నుంచి మూడు తీగల్లో ఏసీ కరెంటు వస్తుంది. మా బండిలో వాటి రంగు పసుపు. చాలా జపాన్ బళ్ళల్లో అదే రంగు. ఆ కరెంటు రెగ్యులేటరు రెక్టిఫయరు అనే డబ్బాలోకి వెళ్ళి డీసీగా మారి, సుమారు 14 వోల్టుల దగ్గర నిలకడగా బ్యాటరీకి చేరుతుంది. అదే బండి నడుస్తున్నంతసేపూ దీపాలకీ ఇంజను నిప్పురవ్వకీ ఆధారం.

ఆ మూడు తీగల్లో ఒక్కోదానిలో గట్టిగా 20 ఆంపియర్లు నడుస్తాయి. పిన్ను వదులై, తుప్పు పట్టి, అక్కడ ఓమ్ లో పదో వంతు అడ్డం వచ్చిందనుకోండి. 20ని 20తో గుణించి 0.1తో గుణిస్తే 40 వాట్లు. అంటే ఒక సోల్డరింగ్ ఐరన్ వేడి! ప్లాస్టిక్ కనెక్టరు మధ్యలో సోల్డరింగ్ ఐరన్ పెట్టి నెలల తరబడి బండి నడిపినట్టు. వేడికి పిన్ను మరింత వదులవుతుంది, వదులైన కొద్దీ మరింత వేడెక్కుతుంది. దానికి తోడు అక్కడే 2 వోల్టులు ఆవిరైపోతాయి. బ్యాటరీ దాకా చేరేది చాలదు.

కొత్త బ్యాటరీ వేశాక రెండు నెలలు ఎందుకు నడిచిందో అప్పుడర్థమైంది. కొత్త బ్యాటరీ రోగాన్ని కుదర్చలేదు, కొన్నాళ్ళు దాచిపెట్టింది. తల్లి సంపాదన ఆగిపోయినా పుట్టింటివాళ్ళిచ్చిన డబ్బుతో ఇల్లు గడిచినట్టు, నిలవ ఉన్నంతకాలం నడిచింది.

ఇంకో తప్పు కూడా ఉంది. మా బండి పుస్తకం ప్రకారం ఆల్టర్నేటరు శక్తి 360 వాట్లు, అదీ ఇంజను నిమిషానికి 5000 చుట్లు తిరిగినప్పుడు. పార్క్ వే మీద నెమ్మదిగా వెళ్ళేటప్పుడు అంత రాదు. ఇటు ఖర్చు చూడండి: ముందు దీపం 55, ట్రైకుగా మార్చినప్పుడు తగిలించిన అలంకారాలతో సహా చిన్న బల్బులన్నీ కలిపి 90, అదనపు ముందు లైట్లు 70, మా ఆవిడ జాకెట్టు 75. ఇప్పటికే 290. దాని మీద ఇంజను నిప్పురవ్వకి కావలసింది, రేడియేటరు ఫ్యానుకి కావలసింది. తనకి చలి వెయ్యకూడదని ప్రేమగా కొన్న జాకెట్టే ఆ రాత్రి చివరి బరువైంది.

ఫైబర్ గ్లాసుకి ఎర్తు లేదు

పసుపు తీగల పని అయ్యాక కూడా ఒక చిక్కు మిగిలింది. బ్రేకు నొక్కితే వెనక ఇండికేటరు మసకగా వెలిగేది. ఇదేం విడ్డూరమని మళ్ళీ బాబాయిని అడిగితే నవ్వాడు. "వెనక ఎర్తు లేదురా. కరెంటుకి తిరిగి ఇంటికెళ్ళే దారి లేక పక్కింట్లోంచి పోతోంది."

ఆటోలో బాడీ మొత్తం ఇనుము. ప్రతి దీపానికీ ఒక తీగ వేస్తే చాలు, తిరుగు దారి బాడీయే. ట్రైకు వెనక తొడుగు ఫైబర్ గ్లాసు. అందులోంచి కరెంటు నడవదు. ప్రతి దీపానికీ తిరుగు తీగ కూడా వెయ్యాలి, దాన్ని తీసుకెళ్ళి ఫ్రేముకో, బ్యాటరీ నెగటివుకో గట్టిగా బిగించాలి. మా బండిని మార్చిన మహానుభావుడు ఆ తీగలన్నీ కలిపి రంగు వేసిన ఒక రేకుకి చిన్న మరతో బిగించాడు. రంగు కూడా కరెంటుని ఆపుతుంది. పదిహేనేళ్ళ వానకి ఆ మర కాస్తా తుప్పు పట్టింది. బ్రేకు దీపాలు వెలుగుతుండగా మీటరు పెట్టి చూస్తే ఆ దారిలోనే 1.4 వోల్టులు పోతున్నాయి. వెనకనుంచి బ్యాటరీ నెగటివు దాకా లావుపాటి తీగ ఒకటి వేశాను. 0.1కి దిగింది. పార్క్ వే మీద మా వెనక వచ్చిన కారువాడికి, బండి ఆగిపోవడానికి ముందు కూడా, మా వెనక దీపాలు సరిగా కనిపించి ఉండవని అప్పుడు తట్టి ఒళ్ళు జలదరించింది.

మొత్తం ఖర్చు: తీగలు, సోల్డరు, వేడికి ముడుచుకునే గొట్టాలు, పాతిక డాలర్ల మీటరు, అన్నీ కలిపి నలభై దాటలేదు. కాలిన కనెక్టరు కోసేసి, మూడు తీగల్నీ నేరుగా సోల్డరు చేశాను. ముడుచుకునే గొట్టం ముందే తీగకి ఎక్కించడం మర్చిపోయి, చేసిన సోల్డరు మళ్ళీ విప్పాల్సి వచ్చిందని చెప్పడానికి సిగ్గుపడను. అందరూ మర్చిపోతారట. మూడు అతుకులూ ఒకే చోట రాకుండా ముందూ వెనకా జరిపి వేసుకోవాలి. సోల్డరు చేసిన చోట తీగ బిరుసెక్కుతుంది కాబట్టి అదురుకి విరగకుండా ఫ్రేముకి కట్టాలి.

మొదటి రిపేరు చేసింది ఒక ఇల్లాలు

మూడు చక్రాల మోటారు బండికీ దాని వైర్ల గొడవకీ ఉన్న సంబంధం బండి పుట్టినప్పటిదే. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు తీసుకున్న మొదటి మోటారు బండికి చక్రాలు మూడే. దానికీ బ్యాటరీ, కాయిలు ఉండేవి. బండి తయారైందిగానీ జనానికి నమ్మకం కుదరలేదు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మన్ హైమ్ నుంచి పుట్టిల్లు ఫోర్జ్ హైమ్ కి బయల్దేరింది. నూరు కిలోమీటర్ల పైన దారి. పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే సూదితో పొడిచి శుభ్రం చేసిందనీ, నిప్పురవ్వ తీగ ఒరుసుకుపోతే మేజోళ్ళు జారకుండా కట్టుకునే పట్టీ తీసి చుట్టిందనీ చెప్తారు. దారిలో మందుల షాపులో ఇంధనం కొంది. బ్రేకు చెక్కలు అరిగితే చెప్పులు కుట్టే అతని చేత తోలు వేయించింది. ఆ ప్రయాణంతోనే బండికి పేరొచ్చింది.

ఈ దేశంలో కూడా 1932 నుంచి 1973 దాకా హార్లీ డేవిడ్సన్ వాళ్ళు సర్వీ కార్ అనే మూడు చక్రాల బండి తయారుచేశారు. గరాజు మనిషి దాని మీద కస్టమరు ఇంటికి వెళ్ళి, దాన్ని కారు బంపరుకి తగిలించి, కారు నడుపుకుంటూ వచ్చేసేవాడు. అంటే బాగుచెయ్యడానికి వెళ్ళే బండి అన్నమాట. ఆ కంపెనీ బళ్ళల్లో మీట నొక్కితే స్టార్టయ్యే సదుపాయం కూడా 1964లో మొదట దీనికే వచ్చింది.

బెర్తా కథ మా ఆవిడకి చెప్పాను. "ఆవిడకి సూది, పట్టీ ఎక్కడ పెట్టాలో ఎవరో చెప్పి ఉంటారు. నాకెవరూ చెప్పలేదుగా" అంది. ఆ మాట నాలో నాటుకుంది.

మీకోసం నాలుగు మాటలు

మోకాళ్ళ పుణ్యమా అని మనవాళ్ళలో ట్రైకులు కొనేవాళ్ళు పెరుగుతున్నారు. పాతది కొనబోతున్నా, ఉన్నది సతాయిస్తున్నా, డబ్బు తియ్యకముందు ఇవి చూసుకోండి. పాతిక డాలర్ల మీటరు చాలు.

1. రాత్రంతా ఆపి ఉంచిన బండి బ్యాటరీ 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగమే. 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ. స్టార్టు నొక్కినప్పుడు 10 కంటే బాగా కిందకి జారితే బ్యాటరీనీ, దాని కొసల బిగింపునీ అనుమానించాలి.

2. ఇంజను నిమిషానికి 3000 చుట్ల దగ్గర ఉంచి చూస్తే 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. పెరగకపోతే చార్జింగు లేదు. 15 దాటితే రెగ్యులేటరు అదుపు తప్పింది, బ్యాటరీ ఉడికిపోతుంది.

3. ఇంజను నడుస్తూ దీపాలన్నీ వెలుగుతుండగా, మీటరు ఒక కొస ఇంజను ఇనుము మీద, రెండో కొస బ్యాటరీ నెగటివు మీద పెట్టండి. 0.2 కంటే ఎక్కువ చూపిస్తే ఎర్తు బాగాలేదు. అలాగే రెగ్యులేటరు ప్లస్సుకీ బ్యాటరీ ప్లస్సుకీ మధ్య చూడండి. మా బండి రోగం ఇలాంటి పరీక్షల్లోనే బయటపడేది, ఎవరైనా చేసి ఉంటే.

4. స్టేటరు మీద అనుమానముంటే ఇంజను ఆపి, కనెక్టరు విప్పి, తీగల్ని రెండేసి చొప్పున కొలవండి. మూడు జతలూ సమానంగా, చాలా తక్కువ ఓములు చూపించాలి. ఏ తీగకీ ఇంజను ఇనుముతో సంబంధం ఉండకూడదు. ఈ రెండూ సరిగా ఉన్నాయి కాబట్టే మాకు ఇంజను దింపే ఖర్చు తప్పింది. ఇంజను నడుస్తుండగా ఆ తీగల కొసల్లో 50 వోల్టుల పైన ఏసీ ఉంటుంది. అక్కడ చేతులు పెట్టకండి.

5. వెనక, పక్కల బల్బులు ఎల్ఈడీలకి మార్చుకుంటే భారం బాగా తగ్గుతుంది. అప్పుడు ఇండికేటరు హడావిడిగా కొట్టుకుంటే గాభరా పడకండి. పాత ఫ్లాషరు తీసి ఎలక్ట్రానిక్ ఫ్లాషరు వెయ్యాలి.

6. బాబాయి చెప్పినవాటిలో ఒక్కటి మాత్రం చెయ్యకండి. డైనమో పనిచేస్తోందో లేదో చూడ్డానికి ఆయన ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకేవాడు. ఆ రోజుల బళ్ళకి చెల్లింది. ఇప్పటి ఎలక్ట్రానిక్ పరికరాలు ఆ దెబ్బకి కాలిపోవచ్చు.

వైర్లతో పాటు వెనక చక్రాల బేరింగులు, ఇరుసు బోల్టుల బిగింపు, టైర్ల గాలి కూడా నెలకోసారి చూసుకోవాలి. మార్చిన బండికి అసలు కంపెనీ పుస్తకం సగమే పనికొస్తుంది. మిగతా సగం మనమే రాసుకోవాలి. ఎక్కడ ఏ తీగ కలిపానో, ఏ ఫ్యూజు దేనిదో ఒక నోటు పుస్తకంలో రాసి సీటు కింద పెట్టుకున్నాను.

చివరగా

2019 ఉగాదికి ముందు బండికి చిన్న వోల్టు మీటరు ఒకటి బిగించాను. మొదట నాకు కనబడేలా పెడదామనుకున్నాను. తరవాత ఆలోచించి, నా భుజం పక్కనుంచి వెనక కూర్చున్నవాళ్ళకి కూడా కనబడేచోట పెట్టాను. దాని పక్కన ఒక చిన్న చీటీ అంటించాను: "13.5 కంటే తక్కువైతే ఆపమని చెప్పు."

ఉగాదినాడు పచ్చడి తిన్నాక అసోసియేషన్ హాలుకి బయల్దేరుతుంటే మా ఆవిడ కారు తాళాలు తీసింది. బండి దగ్గరకొచ్చి మీటరు చూసింది, చీటీ చదివింది. చాలాసేపు నిలబడింది. అప్పుడు కారు తాళాలు లోపల పెట్టొచ్చి, పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ వెనక కూర్చుంది. హాలు ఆరు మైళ్ళే. ప్రతి సిగ్నలు దగ్గరా వెనకనుంచి "పద్నాలుగు", "పదమూడూ ఎనిమిది" అని వినిపిస్తూనే ఉంది, బస్సులో కండక్టరులాగా.

పార్క్ వే మీదకి మాత్రం ఆ ఏడాది రానంది. మరుసటేడూ నేను అడగలేదు. 2021 అక్టోబరులో తనే, "జాకెట్టు తగిలిస్తే ఎంతకి దిగుతుందో ఇంటి దగ్గరే చూశారా?" అని అడిగింది. చూశాను. 13.9. ఆ అంకె చెప్పాను. "సరే, చీకటి పడేలోపు తిరిగొచ్చేద్దాం" అంది.

మా బాబాయి ఇప్పుడు లేరు. ఆయన మాట మాత్రం గరాజు గోడ మీద రాసుకున్నాను: ముందు దారి చూడు. బండిలోనైనా ఇంట్లోనైనా, పుట్టే చోటా దాచుకునే చోటా బాగానే ఉండి, మధ్య జాయింట్లు వదులైతే చీకటి తప్పదు. నలభై డాలర్లతో బండి జాయింట్లు బాగుపడ్డాయి. రెండో జాయింటుకి మూడేళ్ళు పట్టింది.

పాఠకులందరికీ ఉగాది శుభాకాంక్షలు. మీ దీపాలు నిండుగా వెలగాలి. హాలు బయట ఎర్ర ట్రైకు కనిపిస్తే ఆటో అని పిలిచినా పలుకుతాను.